రెండు చేతుల తూకం

రెండు చేతుల్లో రెండు కొబ్బరికాయలు పెడితే ఏది బరువో చెప్పగలను. త్రాసు అక్కర్లేదు. వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరి మండీలో కాయలు ఏరడం నా పని. ఎత్తి చూసి, చెవి దగ్గర ఆడించి, మంచివి ఒక గుట్ట, నీళ్ళు ఇంకినవి ఒక గుట్ట వేస్తాను. అన్నిటికంటే బరువైన కాయల గంపకి ఎర్ర గుడ్డ కడతాం. అది పెద్ద షావుకారుకి. ఇంకెవరూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

ఒకప్పుడు నాకూ తోట ఉండేది. తొంభై తొమ్మిది తుపానులో నలభై చెట్లు ఒక్క పూటలో పడ్డాయి. నా తోడల్లుడు రవికుమార్‌కి పలాసలో మందుల షాపు ఉంది. తుపాను దాని బోర్డు కూడా కదల్చలేదు.

మా ఇద్దరికీ పిల్లనిచ్చిన జోయెల్ మావ మా ఊరి బాప్టిస్టు సంఘానికి పెద్ద. నాకు స్వయానా మేనమామ. పెద్దకూతురు మేరీ నాకేనని మా చిన్నప్పుడే అనుకున్నారు. చిన్నకూతురు ఇవాంజెలిన్‌కి బయటి సంబంధం చూసి రవికుమార్‌కి ఇచ్చారు. ఆ పెళ్ళి నాటినుంచి మావ ఇంట్లో కుర్చీ అతనిది, చాప నాది. ఎవరూ నోటితో చెప్పలేదు. అతను వస్తే మావ కుర్చీలోంచి లేచేవాడు. నేను వస్తే కాళ్ళు కొంచెం ముడుచుకునేవాడు.

మేరీకి మూడుసార్లు కడుపు నిలవలేదు. నాలుగోసారి నిలిచింది. ఇవాంజెలిన్‌కి మొదటిసారే నిలిచింది. రెండు వేల మూడు సెప్టెంబరులో నాలుగు రోజుల తేడాతో పలాసలో ఒకే నర్సింగ్ హోంలో ఇద్దరూ ఆడపిల్లల్ని కన్నారు. వాళ్ళ పిల్ల ముందు పుట్టింది. దానికి పచ్చకామెర్లు. మా పిల్ల ఎనిమిదో నెలలోనే వచ్చేసింది. ఇద్దర్నీ అద్దాల గదిలో, వెచ్చని తొట్టెల్లో పెట్టారు.

మావ అద్దానికి ముక్కు ఆనించి చూసేవాడు.

"సిన్నదాని గుంటని సూడరా అంద్రెయా, బుగ్గలు ఎలాగున్నాయో. పెద్దదాని గుంట బల్లి పిల్లలాగుంది."

"ఎనిమిదో నెల కదా మావా."

"నెలలు కాదురా, తిండి. రవి దానికి దినామూ దానిమ్మకాయలు తెచ్చి ఒలిచి పెట్టేవోడు. నువ్వేటి పెట్టావు?"

పక్కనే రవికుమార్ ఉన్నాడు. "అలాగనకండి మావయ్యా, ఇద్దరూ మన పిల్లలే" అన్నాడు. అతను అలా అనకుండా ఉంటే నాకు అంత మండేది కాదు.

అద్దాల గదిలో జెన్నిఫర్ అనే నర్సు ఉండేది. మా ఊరి పిల్లే, మా సంఘం పిల్లే. మా ఊళ్ళో నర్సు చదువు చదివిన మొదటి పిల్ల. గదిలోకి తల్లులు తప్ప ఎవరూ వెళ్ళకూడదని ఆమె నియమం. తల్లులు కూడా గుమ్మం పక్క కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, గౌను తొడుక్కుని వెళ్ళాలి. రవికుమార్ మాత్రం రోజుకు రెండుసార్లు లోపలికి వెళ్ళేవాడు.

"నన్నెందుకు ఎల్లనివ్వవు?" అని అడిగాను.

"ఆయన ఆస్పత్రికి మందులు తెత్తారు అన్నయ్యా. డాక్టరుగారు రమ్మన్నారు. ఆయనా సేతులు కడుక్కునే వత్తారు."

"నాకు సేతుల్లేవేటి?"

"ఉన్నాయి. అయ్యి బయటే ఉండాలి."

అని నవ్వింది. అది ఎగతాళి నవ్వు కాదు. అప్పుడు నాకు ఎగతాళిగానే తోచింది.

మా పిల్ల పుట్టిన నాలుగో రోజున వాళ్ళ పిల్ల తొట్టెకి ఎర్ర రిబ్బను కట్టారు. తొట్టెను కిటికీ పక్క మూలకి జరిపారు. దానికి వేరే ఉగ్గుగిన్నె, వేరే దూది డబ్బా. డాక్టరు మిగతా పిల్లల దగ్గర నిమిషం నిలబడి, ఆ తొట్టె దగ్గర పది నిమిషాలు నిలబడేవాడు. రవికుమార్ ఇప్పుడు మూడుసార్లు లోపలికి వెళ్తున్నాడు. బయటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడటం లేదు. గర్వం అనుకున్నాను.

మండీలో ఎర్ర గుడ్డ ఏ గంపకి కడతారో నాకు తెలుసు. అందుకని ఆ రిబ్బను ఎందుకు కట్టారని ఎవరినీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటల వేళ కాన్పుల గదిలోంచి కేక వినిపించింది. జెన్నిఫర్, ఆయా బొడ్డమ్మ ఇద్దరూ అటు పరుగెత్తారు. అద్దాల గది తలుపు ఓరగా ఉండిపోయింది. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. కుడిపక్క కుళాయి, దాని మీద సబ్బు. తిప్పితే నీళ్ళ చప్పుడు వినిపిస్తుందని తిప్పలేదు.

ముందు మూలకే వెళ్ళాను. వాళ్ళ పిల్లని అరచేతిలోకి ఎత్తుకున్నాను. ఒళ్ళు కాలిపోతోంది. తొట్టె వేడి అనుకున్నాను. అది కళ్ళు తెరవలేదు. దాని బరువు చేతికి బాగా పట్టేదాకా కాయను ఆడించినట్టు మెల్లగా రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి చూసుకున్నాను. మళ్ళీ పడుకోబెట్టి మా పిల్ల దగ్గరికి వచ్చాను. అదే చేతిలోకి ఎత్తుకున్నాను. చెయ్యి మారితే తూకం తప్పుతుంది. మా పిల్ల కళ్ళు తెరిచింది. నోటితో వెతుక్కుంటూ నా వేలు దొరకబుచ్చుకుని చప్పరించింది.

మాదే బరువు. కొంచెమే. కానీ మాదే.

మేరీ మంచం దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ చాపి చూపించాను.

"మనదే బరువు, మేరీ."

"ఎవులు తూసారు బావా?"

"ఈ సేతులు."

మేరీ నవ్వింది. మూడు కడుపులు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. "నాన్నకి సెప్పు మరి" అంది.

చెప్పడానికి వెళ్ళాను. మావ వరండాలో రవికుమార్ తల నిమురుతూ కూర్చున్నాడు. చెప్పబుద్ధి కాలేదు.

రెండు రోజులకి మా పిల్ల పాలు తాగడం మానేసింది. ఆ మధ్యాహ్నం మా తొట్టెకి కూడా ఎర్ర రిబ్బను కట్టారు. అద్దంలోంచి అది చూసి నేను సంతోషించాను. ఎంతోసేపు కాదు. బొడ్డమ్మ బకెట్టుతో బయటికి వచ్చేదాకా.

"మాకూ కట్టారే రిబ్బను" అన్నాను.

ఆమె బకెట్టు దించి నా ముఖం చూసింది.

"ఓలమ్మ! నీకు తెలీదేటి బాబూ? అది రోగమొచ్చిన గుంటకి కడతారు. ఆ గుంటని ముట్టుకున్న సెయ్యి ఇంకో గుంటని ముట్టుకోకూడదని గురుతు. మందస ఊరోళ్ళ గుంటడికి ముందొచ్చింది. ఆడు మొన్న పోనాడు. తరవాత మీ మరదలి గుంటకి. ఇప్పుడు నీ గుంటకి."

నా చేతులు పంచెకి తుడుచుకున్నాను.

ఆ సాయంత్రమే విశాఖపట్నం నుంచి రక్తపరీక్ష కాగితం వచ్చింది. వాళ్ళ పిల్లది. రవికుమార్ దాన్ని వరండాలో చదివాడు. పొడుగు కాగితం. పది మందుల పేర్లున్నాయి. తొమ్మిదింటికి ఎదురుగా ఒకే అక్షరం కొట్టి ఉంది.

"తొమ్మిదీ పని సెయ్యవు అన్నయ్యా" అన్నాడు. "ఈ క్రిమి తొమ్మిదింటికీ లొంగదు. నా షాపులో ఉన్నయ్యన్నీ ఇయ్యే. ఇన్నాళ్ళూ నా పిల్లకి నీళ్ళు పొడిపించాను."

అతను ఏడవడం అప్పుడే చూశాను. నాకు జాలి కలగలేదు. పదో మందు ఉంది కదా అనుకున్నాను. అది అతనికే దొరుకుతుంది కదా అనుకున్నాను.

దొరికింది. ఆ రాత్రే రైలెక్కి విశాఖ వెళ్ళి, మర్నాడు పొద్దున్నకల్లా ఐసు ఫ్లాస్కులో ఇంజక్షన్లు తెచ్చాడు. వచ్చీ రాగానే సగం లెక్కపెట్టి జెన్నిఫర్ చేతికిచ్చాడు. "ఇయ్యి అన్నయ్య పిల్లకి" అన్నాడు. నన్ను అడగలేదు. అడిగితే వద్దనేవాణ్ణేమో. అది కూడా అతనికి తెలుసేమో.

వాళ్ళ పిల్ల మర్నాటికి కళ్ళు తెరిచింది. మా పిల్ల ఆ సాయంత్రం పోయింది. తొమ్మిదో రోజు.

ఇంకా పేరు పెట్టలేదు. పెట్టెలో పెట్టేటప్పుడు పాస్టరు అడిగితే మేరీ "రూతు" అంది. పెట్టెను నేనే మోశాను. ఇద్దరు అక్కర్లేదు. దాని బరువు ఎంతో ఇప్పటికీ చెప్పగలను.

మూడో రోజున డాక్టరు మమ్మల్ని పిలిచాడు. నేను, మేరీ, మావ, రవికుమార్, జెన్నిఫర్ ఉన్నాం. ఈ క్రిమి గాలిలో ఎగిరి రాదు, చేతుల మీద వెళ్తుంది అన్నాడు డాక్టరు. జబ్బు పిల్లని ముట్టుకుని, కడుక్కోకుండా మంచి పిల్లని ముట్టుకున్నది ఎవరు అని అడిగాడు.

"నాను ప్రతిసారీ కడుక్కున్నాను సార్" అంది జెన్నిఫర్.

నా చేతులు బల్ల కింద ఉన్నాయి.

"కడుక్కోలేదు" అన్నాను. "అద్దంలోంచి నాను సూసాను."

ఆమె నా వైపు తిరిగింది. "ఎప్పుడు అన్నయ్యా?" అని మాత్రం అడిగింది. నేను డాక్టరు వైపే చూశాను. ఆ నెలాఖరుకి ఆమె ఉద్యోగం పోయింది.

అంతటితో ఆపలేదు. మాలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. ఎవరి మీదైనా తప్పు ఉంటే అంతకు ముందే సంఘంలో చెప్పాలి. ఆడవాళ్ళ వైపు జెన్నిఫర్ కూర్చున్న మూడో బెంచీ పక్కన నిలబడి, ఈ పిల్ల అబద్ధమాడింది, ఈమె చేతులే నా పిల్లని చంపాయి అని చెప్పాను. జోయెల్ మావ ఆమెను ఏడాదిపాటు బల్లకు రాకుండా ఆపాడు. ఏడాది తర్వాత కూడా ఆమె రాలేదు. గుడి ముఖమే చూడలేదు. రవికుమార్ ఆమెకి తన షాపులో పని ఇచ్చాడు. నన్ను దెప్పడానికే ఇచ్చాడనుకుని ఆ షాపు మెట్లు ఎక్కడం మానేశాను.

మేరీ నన్ను ఒక్క మాట అనలేదు. ఆస్పత్రినుంచి వచ్చిన వారానికి వీధి గుమ్మం పక్కన బకెట్టు, చెంబు, సబ్బు పెట్టింది. నేను ఎక్కణ్ణుంచి వచ్చినా "కడుక్కుని రా బావా" అనేది. అన్నం ముందు, నీళ్ళకుండ ముందు, ఆమె పక్కన కూర్చునే ముందు. సబ్బు అరిగిపోతే నేను చూడకముందే కొత్తది పెట్టేది. పిల్ల పోయిన బెంగ అనుకున్నాను. నాలుగేళ్ళ పైన అలాగే అనుకున్నాను.

మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. రెండు వేల ఏడులో మేరీ కాళ్ళు వాచాయి. మా ఉద్దానంలో కాళ్ళు వాస్తే ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కిడ్నీలు. విశాఖలో రక్తం శుద్ధి చేయించాలన్నారు. రవికుమార్ కారు పెట్టి ప్రతివారం తీసుకెళ్ళేవాడు. ముందు సీట్లో అతను, వెనక మేరీ, ఇవాంజెలిన్. నేను మండీలో. ఆ దారి పొడుగునా నా పెళ్ళాం అతనితో ఏం మాట్లాడేదో అని ఆలోచిస్తూ కాయలు తప్పు గుట్టల్లో వేసేవాణ్ణి.

పోయేముందు ఒక మధ్యాహ్నం ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. నేను చేతులు కడుక్కుని వచ్చాను.

"ఆయాల నువ్వు రెండు సేతులూ సాపి సూపించావు. మనదే బరువన్నావు."

నా తడిచేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"డాట్రు సేతులు అన్నప్పుడే నాకు తెలిసిపోయింది బావా."

"మరి అప్పుడెందుకు సెప్పలేదు?"

"గుంట పోయింది. సెప్తే నువ్వూ పోతావు. నాకేటి మిగుల్తాది?" కొంచెంసేపు ఆయాసపడింది. "ఇప్పుడు నానే ఎల్పోతన్నాను. ఇంక దాపడం దేనికి? జెన్నిఫర్‌కి సెప్పు. సెప్తానను."

"సెప్తాను" అన్నాను. ఆ నెలలోనే ఆమె పోయింది.

ఏడాది దాకా చెప్పలేదు. సబ్బు అరిగిపోయింది. కొత్తది నేను కొనలేదు. ఉత్త నీళ్ళతో కడుక్కుంటూ వచ్చాను. మేరీ పోయి ఏడాది తిరిగిన రోజు ప్రార్థన కూడిక పెట్టారు. పాస్టరు ఆమె మాట తప్పని మనిషి అన్నాడు. మర్నాడు పలాస బస్సు ఎక్కాను.

జెన్నిఫర్ కౌంటరు వెనక మాత్రల అట్ట కత్తెరతో కత్తిరిస్తోంది. వెంట్రుకలు అక్కడక్కడ నెరిశాయి. నన్ను చూసి గిరాకీని చూసినట్టు చూసింది.

"ఏటి కావాలి?"

చెప్పాను. నిలబడి అంతా చెప్పాను. తలుపు, కుళాయి, మూల తొట్టె, నా వేలు. ఎక్కువ మాటలు పట్టలేదు. ఆరేళ్ళు దాచినది చెప్పడానికి ఒక అట్ట కత్తిరించేంతసేపు కూడా పట్టలేదు.

ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"ఆ రిబ్బను కట్టింది నానే" అంది. "ఎందుకు కట్టానో బయట ఉన్నోళ్ళకి సెప్పలేదు. సెప్పాల్సిందని ఆరేళ్ళూ అనుకున్నాను. ఒకవేళ నా సేతులే నాకు తెలీకుండా తప్పు సేసాయేమోనని కూడా అనుకున్నాను. రేత్రిళ్ళు లేచి కడుక్కునేదాన్ని. తెలుసా నీకు?"

లోపలి గదిలోంచి రవికుమార్ వచ్చాడు. అంతా విన్నట్టున్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోన్లే అన్నయ్యా. నాకెప్పుడో తెలుసు. విశాఖ ఎల్లేటప్పుడు వదిన సెప్పింది. నా మనసులో ఏటీ లేదు."

మేరీ అతనికి చెప్పింది. నాకు చెప్పకముందే. నేను కాయలు ఏరుకుంటుంటే, ఆ కారులో, నా పిల్ల సంగతి నా పెళ్ళాం అతనితో చెప్పుకుంది. అతను అది విని, నా గుమ్మంలోకి మందులూ పళ్ళూ తెస్తూ, నన్ను అన్నయ్యా అని పిలుస్తూ, ఏడాదికి పైగా క్షమించేసి కూర్చున్నాడు. నా చెంప మీద ఒక్క దెబ్బ వేసి ఉంటే అతన్ని నేను తమ్ముడూ అనేవాణ్ణి.

భుజం మీది చెయ్యి నేను తీసెయ్యకముందే జెన్నిఫర్ మాట్లాడింది.

"మీకూ తెలుసా?" అని అడిగింది అతన్ని.

రవికుమార్ చెయ్యి నా భుజం మీంచి జారింది. "అది కాదమ్మా... బయటికి సెప్తే అన్నయ్య పరువు..."

"నా పరువు?"

అతను కౌంటరు మీది అట్ట సర్దాడు.

"రోజూ ఇక్కడే నిలబడ్డాను మీ ఎదురుగా. జీతం ఇచ్చారు, పండక్కి సీర ఇచ్చారు. ఈ ఒక్క మాట ఇవ్వలేకపోయారు." మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ ఒకటే."

అతని పెళ్ళయిన నాటినుంచి అందరూ మమ్మల్ని తూస్తూనే ఉన్నారు. మేమిద్దరం సమానంగా తూగడం అదే మొదటిసారి. నాకు హాయిగా ఉంది. దాచుకోను.

"నన్నేటి సెయ్యమంటావు?" అని అడిగాను.

"నువ్వు ఎక్కడ నిలబడి అన్నావో అక్కడే నిలబడి సెప్పు. నానొచ్చి వింటాను. క్షమించమని మాత్రం అడక్కు."

"అడగను" అన్నాను. ఆమెతో మాట్లాడటం తేలికగా ఉంది.

తర్వాతి నెల మొదటి ఆదివారం ఆమె వచ్చింది. ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో కూర్చుంది. రవికుమార్, ఇవాంజెలిన్, వాళ్ళ పిల్ల కెజియా కూడా పలాస నుంచి వచ్చారు. రవికుమార్ మగవాళ్ళ వైపు మా బెంచీలోనే, నా పక్కనే కూర్చున్నాడు. బల్లకు ముందు నేను లేచి అవతల మూడో బెంచీ పక్కన నిలబడి చెప్పాను. జెన్నిఫర్ అబద్ధమాడలేదు, నేనాడాను. ఆమె చేతులు కాదు, ఈ చేతులు. ఇవాంజెలిన్ నోట్లో కొంగు కుక్కుకుంది. కెజియాకి అర్థం కాలేదు. బెంచీ కింద కాళ్ళు ఊపుకుంటూ నన్ను చూసింది. ఆరేళ్ళది, పుష్టిగా ఉంది. ఆ అద్దాల గది తర్వాత దాన్ని నేను ఎప్పుడూ ఎత్తుకోలేదు.

చెప్పి వచ్చి నా చోట కూర్చున్నాను. రవికుమార్ కూడా లేస్తాడేమో, తనకీ తెలుసని చెబుతాడేమో అని చూశాను. లేవలేదు.

జోయెల్ మావ బల్ల దగ్గరికి వెళ్ళాడు. రొట్టె పళ్ళెం తీసుకుని, ఎవరికీ ఇవ్వకుండా, నేరుగా చివరి బెంచీకి వెళ్ళాడు. జెన్నిఫర్ ముందు పళ్ళెం చాపాడు.

ఆమె పళ్ళెం చూడలేదు. పట్టుకున్న చేతులు చూసింది.

"సేతులు కడుక్కున్నారా పెద్దయ్యా?"

మావ ముఖం నల్లబడింది. పళ్ళెం బెంచీ మీద పెట్టి బయటికి నడిచాడు. గుడి వెనక కుళాయి ఉంది. తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది. సంఘమంతా కూర్చుని ఆ నీళ్ళ చప్పుడు విన్నాం.

తడిచేతులతో తిరిగి వచ్చి మళ్ళీ పళ్ళెం చాపాడు. ఆమె ఒక ముక్క తీసుకుంది. నోట్లో వేసుకుని, లేచి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

పళ్ళెం వరుస వెంట మా బెంచీకి వచ్చింది. మావ రవికుమార్ ముందు ఆగాడు. అతను ఒక ముక్క తీసుకున్నాడు. పళ్ళెం నన్ను దాటి అవతలివాడి దగ్గరికి వెళ్ళింది. అది న్యాయమే. నేను అడగలేదు.

కానీ రవికుమార్ అరచేతిలోని ముక్కనే చూస్తూ కూర్చున్నాను. వేలిగోరంత ఉంది. దాని బరువెంతో చెప్పగలను.